కాగితానికో కాపరి

'ఆ ఫైలా... అది పాత గుమాస్తాగారికే తెలుసండీ. ఆయన రిటైరై కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారు!'

ఈ మాట వినని ఇల్లు మనదగ్గర ఉంటుందా? అప్పు తీర్చేసిన రసీదు కోసం సహకార సంఘానికి వెళ్లినా, పుట్టినతేదీ ధ్రువపత్రం కోసం చదివిన బడికి వెళ్లినా, తాతగారు గుడికి రాసిచ్చిన పొలం సంగతి కనుక్కుందామని వెళ్లినా చాలాసార్లు ఇదే జవాబు. బీరువా ఉంది. తాళం ఉంది. కాగితమూ లోపలెక్కడో ఉంది. దాన్ని బయటికి తీయగల మనిషే లేడు!

ఈ జబ్బుకి ఇప్పుడు అందరూ చెబుతున్న మందు ఒక్కటే... 'అన్నీ కంప్యూటర్లో ఎక్కించేద్దాం' అని. దానికి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పెద్దపేరు. అంటే కాగితాల్ని స్కాన్ చేసి, ఒక్కోదానికీ పేరూ నంబరూ పెట్టి, అడిగిన వెంటనే తెరమీద కనిపించేలా చేసే ఏర్పాటు. ఆలోచన మంచిదే. కమిటీ తీర్మానం చేస్తుంది. కంప్యూటర్ వస్తుంది, స్కానర్ వస్తుంది, కొబ్బరికాయ కొడతారు. ఏడాది తిరిగేసరికి స్కానర్ మీద గుడ్డ, గుడ్డ మీద దుమ్ము. కారణం పెద్ద రహస్యమేం కాదు. మిషన్‌కి డబ్బు కేటాయించారు, మనిషిని మాత్రం కేటాయించలేదు.

ఇద్దరో ముగ్గురో ఉద్యోగులుండే చిన్న సంస్థలో ఈ పనికి ఎంతమంది కావాలి? ఎలాంటివాళ్లు కావాలి? కొత్త ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ ప్రాంతానికి ఇది నాలుగైదు వందల ఏళ్లనాటి ప్రశ్న.

రాజు రాశాడు... దాచిందెవరు?

శ్రీకాకుళం అనగానే ఉత్తరాంధ్ర జిల్లాయే గుర్తొస్తుంది. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోనూ ఓ శ్రీకాకుళం ఉంది. కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు. శ్రీకృష్ణదేవరాయలు దండయాత్రకు వెళ్తూ ఇక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, ఆ రాత్రి స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడనీ రాయలే 'ఆముక్తమాల్యద' మొదట్లో చెప్పుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలానికి కాసుల పురుషోత్తమ కవి ఈ స్వామి మీదే 'ఆంధ్రనాయక శతకం' చెప్పాడు.

రాయలు కావ్యం చెప్పి అయిదొందల ఏళ్లు. అది మన చేతికి ఎలా వచ్చినట్టు? తాటాకు కలకాలం ఉండదు. చెదలు తింటాయి, తేమకి పాడవుతుంది. పాత ఆకు చిరిగిపోకముందే ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎత్తి రాశారు. వాళ్ల తర్వాత ఇంకొకరు. రాజు పేరు అందరికీ తెలుసు. ఎత్తిరాసినవాళ్ల పేర్లు చాలామటుకు ఎవరికీ తెలియవు. కానీ వాళ్లు ఒక్క తరం పాటు ఆ పని మానేసినా పుస్తకం అక్కడితో ఆగిపోయేదే.

ఆ పనినే ఒక పద్ధతిలో పెట్టినవాడు బ్రౌన్ దొర. కడపలో పనిచేసిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1820ల్లో కొన్నాళ్లు మచిలీపట్నంలోనూ ఉద్యోగం చేశాడు. ఆయన కావ్యాల్ని కాపాడిన తీరు గమనించండి. ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు ఊరూరా తెప్పించేవాడు. వాటిని పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ తేడా ఉందో పండితులచేత సరిచూపించేవాడు. ఆ తర్వాత లేఖకుడితో శుద్ధప్రతి రాయించేవాడు. పద్యాలకు అకారాది పట్టిక కూడా వేయించేవాడు. జీతాలు సొంత జేబులోంచే. సేకరించేవాళ్లు వేరు, రాసేవాళ్లు వేరు, సరిచూసేవాళ్లు వేరు. ఇప్పుడు మనం కంప్యూటర్ పేరుతో చెప్పుకొంటున్న బృందం ఇదే కదా!

బందరు గిడ్డంగిలో 'రైటర్లు'

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ బందరు చేరింది. అక్కడ వాళ్లు పెట్టుకున్న వర్తకశాలలో ఉండేది గుప్పెడుమంది. అయినా కాగితాల పనికి ప్రత్యేకంగా మనుషులు ఉండేవారు. వాళ్ల హోదా పేరే 'రైటర్'. కంపెనీ కొలువులో దాదాపు కింది మెట్టు అది. ఏడాదికి పది పౌన్ల జీతం. కోల్‌కతాలోని 'రైటర్స్ బిల్డింగ్' పేరు ఈ ఉద్యోగులను బట్టి వచ్చిందే.

రోజూ ఏం జరిగిందీ, సమావేశంలో ఏం తీర్మానించిందీ పుస్తకంలో ఎక్కించడం, వచ్చిన ఉత్తరాన్నీ పోయిన ఉత్తరాన్నీ నకలు తీయడం రైటర్ల పని. ముఖ్యమైన ఉత్తరాలైతే ఒకటికి రెండు ప్రతులు రాసి వేర్వేరు ఓడల్లో పంపేవారు. ఒక ఓడ మునిగినా ఇంకో ఓడ లండన్ చేరుతుందన్న లెక్క. అంతకు కొద్దిగా ముందే బందరులో దిగిన డచ్చివాళ్లూ ఇంతే. వాళ్ల కంపెనీ కాగితాలకు 2003లో యునెస్కో 'ప్రపంచ స్మృతి' గుర్తింపు దక్కింది. వాళ్లు మనల్ని దోచుకున్నారా, మనతో వ్యాపారం చేశారా అన్నది వేరే చర్చ. కాగితం విషయంలో మాత్రం ఒక్క సంగతి ఒప్పుకోవాలి. రాయడాన్ని వాళ్లు తీరిక దొరికినప్పుడు చేసే పనిగా చూడలేదు, జీతమిచ్చి చేయించాల్సిన పనిగా చూశారు.

కరణంగారి పెట్టె

మరి మన ఊళ్లలో? కరణంగారు ఉండేవారు. ఎవరి పొలం ఎంత, ఎవరి గట్టు ఎక్కడ, శిస్తు ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు... అన్నీ ఆయన పెట్టెలోనే. వంశపారంపర్యంగా వచ్చిన కొలువు కాబట్టి పని తెలిసినవాడికి లోటులేదు. తాత దగ్గర తండ్రి, తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునేవారు. అది ఆ ఏర్పాటులోని మంచి.

చెడు కూడా అక్కడే ఉంది. పెట్టె ఆయనది, తాళం ఆయనది, రాత కూడా ఆయనదే. ఆ గొలుసుకట్టు రాతను ఇంకొకరు చదవడమే గగనం. రాసిందాన్ని రోజువారీ సరిచూసేవాడు ఊళ్లో లేడు. అందుకే ఊరు కరణానికి భయపడేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు కొలువుల్ని రద్దుచేసింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు ఆ ఒక్క గదిలోకి పదిమంది దాకా ఉద్యోగులొచ్చారు. వాళ్లలో కంప్యూటర్ పనికే డిజిటల్ అసిస్టెంట్ అని ఒకరు.

బందరు రైటరూ, బ్రౌన్ పండితులూ, కరణంగారూ కలిసి మనకు చెబుతున్నది ఇదే... కాగితానికి ఒక యజమాని ఉండాలి. కానీ ఆ యజమాని ఒంటరిగా ఉండకూడదు.

మనుషులు తక్కువ... పనులు మూడు

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలనే తీసుకోండి. వీటిని కంప్యూటరీకరించేందుకు కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. అప్పటి లక్ష్యం 63,000 సంఘాలు. భాగిస్తే ఒక్కో సంఘానికి దాదాపు 4 లక్షలు. ఆ తర్వాత సంఘాల సంఖ్య ఇంకా పెరిగింది. దీనివల్ల సంఘం లెక్కలు కంప్యూటర్లోకి వస్తాయి. అంటే ఎవరికి ఎంత అప్పుందో తెరమీద తెలుస్తుంది. కానీ ఆ అప్పుకి రైతు వేలిముద్ర వేసిన పత్రం, సభ్యత్వ దరఖాస్తు, పాతికేళ్ల కిందటి తీర్మానాల పుస్తకం... ఇవి అంకెలు కావు, కాగితాలు. వాటికి విడిగా మనిషి కావాలి.

ఊరి సహకార సంఘమైనా, గుడి కమిటీ అయినా, గ్రంథాలయమైనా, చిన్న బడి అయినా పనులు మూడే.

మొదటిది బాధ్యత. ఏ కాగితం ఉంచాలి, ఏ పేరుతో ఉంచాలి, ఎవరికి చూపించాలి... ఇవి తేల్చే మనిషి ఒకరుండాలి. కార్యదర్శో, హెడ్‌మాస్టరో, మేనేజరో ఎవరైనా సరే, తీర్మానంలో ఆ పేరు రాయాలి. 'అందరూ చూసుకుంటారు' అంటే ఎవరూ చూసుకోరని అర్థం.

రెండోది ఎక్కించడం. పిన్నులు తీసి, మడతలు సరిచేసి, స్కాన్ చేసి, పేరూ నంబరూ కొట్టడం.

మూడోది సరిచూడటం. పేజీ మసకబారిందా, వెనకవైపు వదిలేశారా, ఒకరి కాగితం ఇంకొకరి ఖాతాలో పడిందా అని చూడటం. ఎక్కించినవాళ్లే సరిచూస్తే లాభంలేదు. మన తప్పు మన కంటికి కనిపించదు.

మనుషులు ముగ్గురే ఉండాలని లేదు. ఇద్దరితోనూ నడుస్తుంది. గుమాస్తా ఎక్కిస్తే, కార్యదర్శే బాధ్యుడు, కార్యదర్శే తనిఖీదారు. ఒక్కరితో మాత్రం నడవదు. అది మళ్లీ కరణంగారి పెట్టే అవుతుంది!

ఎన్ని రోజుల పని?

'మాకంత స్తోమత ఎక్కడిదండీ... ఇంకో ఉద్యోగానికి జీతం ఎక్కణ్నుంచి తేవాలి?' అని అడిగేవాళ్లే ఎక్కువ. కాగితం కలం తీసుకుని ఓసారి లెక్కేద్దాం.

ఓ సంఘంలో వెయ్యిమంది సభ్యులు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి ఇరవై కాగితాలు చొప్పున మొత్తం 20,000. పిన్నులు తీసి, స్కాన్ చేసి, పేర్లు పెట్టి... మామూలు స్కానర్‌తో ఒక మనిషి రోజుకి 250 కాగితాలు చేస్తాడనుకుందాం. పాత బీరువా ఖాళీ అవ్వడానికి 80 పని రోజులు పడుతుంది. మరి కొత్తగా వచ్చే కాగితాలో? రోజుకి ఇరవై వచ్చినా గంట పని.

అంటే పాత బకాయి వేరు, రోజువారీ పని వేరు. పాత బకాయికి తాత్కాలికంగా ఓ కుర్రాణ్నో, అమ్మాయినో నాలుగు నెలలు పెట్టుకుంటే చాలు. రోజువారీ పనికి కొత్త ఉద్యోగమే అక్కర్లేదు. ఉన్న ఉద్యోగి దినచర్యలో ఒక గంట కేటాయించాలి, అంతే. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. కాంట్రాక్టర్‌ని పిలిచి పాతవన్నీ చకచకా స్కాన్ చేయించేస్తారు. ఆయన సామాను సర్దుకున్న మర్నాటి నుంచి వచ్చిన కాగితాలు మళ్లీ అట్టపెట్టెలోకే వెళతాయి. మూడేళ్లకి ఇంకో బకాయి సిద్ధం.

సరిచూసే పనీ బరువేం కాదు. ఇరవై కాగితాలకు ఒకటి చొప్పున తీసి చూస్తే రోజుకి పన్నెండో పదమూడో. అరగంట పని. వాటిలో ఒకటి తప్పు కనిపిస్తే మాత్రం ఆరోజు కట్ట మొత్తం తిరగేయాలి.

వేళ్లవేగం చూడకండి

మరి ఎవర్ని పెట్టాలి? 'టైపింగ్ స్పీడ్ ఎంత?' అన్నది చాలామంది అడిగే మొదటి ప్రశ్న. నిజానికి అది ఆఖర్న అడగాల్సింది.

పక్కనే మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దయవల్ల ఈ చుట్టుపక్కల సుబ్రహ్మణ్యాలకీ, సుబ్బారావులకీ, నాగేశ్వరరావులకీ కొదవలేదు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో నలుగురు ఉన్నా ఆశ్చర్యం లేదు. పట్నం నుంచి వచ్చిన కుర్రాడికి నలుగురూ ఒక్కటే. తీరిపోయిన అప్పు ఒకరిదైతే రసీదు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఊళ్లో ఇరవై ఏళ్లుగా బెల్లు కొట్టిన అటెండరుకి మాత్రం వాళ్లలో ఎవరు కాలవగట్టు సుబ్బారావో, ఎవరు చెరువుకింద సుబ్బారావో తెలుసు. ఆయనకి కంప్యూటర్ రాకపోవచ్చు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోకుండా ఈ పని మొదలుపెడితే మాత్రం చిక్కే.

పాత దస్తావేజుల రాత సంగతీ అంతే. గొలుసుకట్టు రాత చదవగలిగేవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. రిటైరైన టీచరో, పాత గుమాస్తాగారో ఊళ్లో ఉంటే వారానికి రెండురోజులు పిలిచి, గౌరవంగా కొంత ముట్టజెప్పి చదివించుకోవాలి. ఆ చదువు వాళ్లతోపాటే వెళ్లిపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. వేగంగా కొట్టే వేళ్లకు చదవగల కళ్లు తోడైతేనే పని.

అనుమానం వస్తే ఆగి అడిగే గుణం ఉందా, బయట నోరు జారకుండా ఉంటారా... ఈ రెండూ కూడా చూసుకోవాలి. బీరువాలో ఉన్నవి ఆధార్ నకళ్లు, బ్యాంకు పాసుపుస్తకాలు, ఇంటింటి అప్పులు. వ్యక్తుల సమాచారాన్ని కాపాడాలంటూ 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం సంగతి అటుంచినా, పక్కింటాయన అప్పు ఎంతో రచ్చబండ మీద చెప్పే ఆపరేటరు ఉన్న సంఘంలో ఎవరైనా కాగితం ఇస్తారా?

తాళంచెవి ఎవరి ఫోన్‌లో?

చిన్న సంస్థల్లో ఇప్పుడు మరో విచిత్రం. పాస్‌వర్డ్ ఒక్కరికే తెలుసు. ఓటీపీ వెళ్లేది రెండేళ్ల కిందట మానేసిన కుర్రాడి ఫోన్‌కి! కాబట్టి ఖాతా ఎప్పుడూ సంస్థ నంబరు మీదే ఉండాలి. పాస్‌వర్డ్ రాసిన సీల్డు కవరు ఒకటి అధ్యక్షుడి దగ్గర ఉండాలి. పనిచేసేవాళ్లు ఏడాదికోసారైనా పదిరోజులు సెలవు పెట్టాలి, ఆ పదిరోజులూ ఇంకొకరు నడపాలి. అలా నడిచిందంటే ఏర్పాటు గట్టిదే. ఆగిపోయిందంటే లోపం ఎక్కడుందో ఇప్పుడే తెలిసిందని సంతోషించాలి.

స్కాన్ అయిపోయింది కదా అని అసలు కాగితాన్ని తగలబెట్టకూడదు. వివాదం వస్తే కోర్టు ముందు అడిగేది అసలునే. దాన్ని నంబరు వేసిన పెట్టెలో ఉంచి, ఆ నంబరునే కంప్యూటర్లోనూ రాయాలి. అప్పుడు తెరమీద చూసినవాడు బీరువాలోనూ తీయగలడు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కూడా, ప్రభుత్వ సంస్థలు రికార్డులకు జాబితా, సూచిక తయారుచేసుకోవాలనే చెబుతోంది. అది లేకుండా, అడిగినవాళ్లకు ముప్ఫై రోజుల్లో జవాబెలా ఇస్తారు?

ఉప్పెన మిగల్చనిది

ఈ ప్రాంతంవాళ్లకు ఇంకో జాగ్రత్త ఎవరూ చెప్పక్కర్లేదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడింది. ముప్ఫైవేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడింది. దాదాపు పదివేల ప్రాణాలు తీసుకుంది. అయినవాళ్లే కనిపించని చోట కాగితాలు ఎవరు వెతుకుతారు? కానీ నీళ్లు తీశాక, బతికినవాళ్లు మళ్లీ బతుకు మొదలెట్టాలంటే కావాల్సింది ఆ కాగితాలే. ఈ స్థలం మాది, ఈ పిల్లాడు ఈ బడిలో చదివాడు, ఈ పోయిన మనిషి నా భర్త... అని చెప్పడానికి.

అందుకే ప్రతి ఒక్కటే ఉంటే అది లేనట్టే లెక్క. ఒకటి ఆఫీసు కంప్యూటర్లో, ఒకటి విడి డిస్కులో, ఒకటి ఈ ఊరి నీళ్లు చేరని వేరేచోట... విజయవాడలోనో, ఇంటర్నెట్లోనో. బందరు రైటర్లు రెండు ఓడల్లో పంపింది ఇందుకే. వారానికోసారి ఆ డిస్కు మార్చే పని ఫలానావారిదని పేరుపెట్టి రాయాలి. ఆర్నెల్లకోసారి ఆ ప్రతిలోంచి ఒక కాగితం తెరిచి చూడాలి కూడా. తెరుచుకోని నకలు నకలే కాదు.

మీరు ఏదైనా సంఘంలో, గుడి కమిటీలో, బడి కమిటీలో సభ్యులైతే వచ్చే సమావేశంలో రెండే ప్రశ్నలు అడగండి. 'మన కాగితాల బాధ్యత ఎవరిది? ఆయన రేపు రాకపోతే ఎవరు తీస్తారు?' ఆ రెండింటికీ రెండు పేర్లు తీర్మానాల పుస్తకంలో ఎక్కాకే స్కానర్ ధరల గురించి మాట్లాడండి. ఇంట్లోనూ అంతే. పొలం దస్తావేజులు, బీమా బాండ్లు, పిల్లల మార్కుల జాబితాలు ఎక్కడున్నాయో నాన్నకే తెలుసంటే సరిపోదు. ఈ ఆదివారం ఆ పెట్టె దించి, అమ్మనీ పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కాగితం పేరూ నోట్‌బుక్‌లో రాయించండి. గంట పని!